ఎత్తేసిన రీలు

నాకు అన్నింటికన్నా ఎక్కువ భయం ఒక్కటే: నిద్రపోతున్న నా బిడ్డ ఊపిరి ఆగిపోతుందేమోనని.

ఆ భయాన్ని పెళ్లికి ముందే ఒక సినిమాలో చూశాను. దానివల్లే నా పెళ్లి తప్పిపోబోయింది.

గాంధీనగర్‌లో మా ఇంటికి శంకరనారాయణ పెళ్లిచూపులకు వచ్చాడు. మా ఊళ్లోనే కౌల్ బజార్‌లో వాళ్లది బట్టల కొట్టు. తొమ్మిదితో చదువు ఆగిన నన్ను ఏమడగాలో తెలియక, "ఈమధ్య ఏం సినిమా చూసినారు?" అన్నాడు.

రాజుల కథలు, యుద్ధాలు తీసి పేరు పొందిన దర్శకుడు ముసలితనంలో తీసిన ఆఖరి సినిమా పేరు చెప్పాను. అమ్మతో మొదటిరోజే చూశాను. ఊరంతా దాన్ని తిట్టింది.

"అదా! నేనూ చూసినా, రెండు కునుకులు తీసినా," అని నవ్వాడు. "దాంట్లో ఏముండాదండీ?"

"ఉయ్యాల పక్కన తల్లి కూర్చుంటాది. పాట లేదు, మాట లేదు. బిడ్డ ముక్కు కింద వేలు పెడతాది, తీస్తాది, మళ్లా పెడతాది. ఆయన తీసిన యుద్ధాలన్నిట్లో కూడా నాకు అంత భయం కాలేదు."

"అట్లాంటి సీన్ లేదే!"

"ఉండాది."

"లేదండీ. సినిమా అంతా నిద్రపోలేదు నేను!"

వాళ్లమ్మ సుందరమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. "ఏందమ్మా, ఇప్పుడే కల్పించి చెప్తాండావే?"

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. సంబంధం పోతే పోనీ, అబద్ధాలకోరనే పేరు ఎట్లా మోసేది?

ఆ వారమే ఒక సాయంత్రం జోరువాన. తలుపు తీస్తే, నిలువునా తడిసిన శంకరనారాయణ.

"యాడ్నుంచప్పా, ఈ వానలో?" అన్నాడు మా నాన్న.

"కూరెకుప్ప నుంచి మామా. ఆ సినిమా ఆ పల్లెలో టెంట్ టాకీసులో పూర్తిగా ఆడతాండాది. ఈడ మొదటిరోజు జనం ఈలలేసినారని, మర్నాటి నుంచి ఆ రీలు ఎత్తేసినారంట. నేను చూసింది ఎత్తేసినంక."

ఆ 'మామా' విని నాన్న మీసాల్లో నవ్వుకున్నాడు.

శంకరనారాయణ నా వైపు తిరిగాడు. "మీరు చెప్పినట్టే ఉండాది."

"ఈసారి కునుకు రాలేదా?"

"యాడ కునుకు? ఆయమ్మ వేలు పెట్టినప్పుడల్లా నేనూ ఊపిరి బిగబట్టినా. మా అమ్మకు నేను చెప్పుకుంటా. మీరు సరే అంటారా?"

"ముందు తల తుడుచుకోండి," అని తువ్వాలు ఇచ్చాను. అదే సరే అనుకున్నారు అందరూ.

ఇప్పుడు మా పాప ఉయ్యాల్లో ఉంది. వేలు పెట్టి చూసి, మళ్లీ చూడబోతే ఆయన నా చెయ్యి పట్టి ఆపుతాడు. "నీ రీలు అయిపాయ. ఇది నాది, నువ్వు పండుకో."

మీ ఇంట్లో పసిబిడ్డ నిద్రపోతుంటే, ఈ పుస్తకం పక్కన పెట్టి ఒక్కసారి వెళ్లి చూసి రండి.