పిట్టలు బతికిన ఇల్లు

"ఆ మందు గోడ దాటి మా వైపు రాదు కదండీ?"

సోమవారం సాయంత్రం ఐదున్నర. దర్జీ ఆవిడ మెట్ల కింద నిలబడి అడిగింది. మెడలో టేపు ఇంకా వేలాడుతూనే ఉంది. కుట్టుపని మధ్యలో లేచి వచ్చినట్టుంది.

ఆమె పక్క వాటా ఖాళీ అయి నెలయింది. గోడ పగుళ్ల నిండా నల్లులు. గురువారం కొత్తవాళ్లు దిగుతున్నారు. ఆలోపు నల్లులు చావాలి. అందుకే ఇంటి ఓనరు పెస్ట్ కంట్రోల్ కాంట్రాక్టర్‌ని పిలిపించాడు.

కాంట్రాక్టర్ నవ్వాడు. తమది లైసెన్సున్న పని అంటూ వ్యాన్ మీద రాసిన నంబరు చూపించాడు.

ఓనరు విసుక్కున్నాడు. "నీకు ప్రతిదానికీ భయమేనమ్మా. రేపంతా కిటికీలు బిగించుకుని లోపల కూర్చో. వాసన కూడా తగలదు."

ఆవిడ మనసు కుదుటపడలేదు. పైన వరండాలో ఓనరు భార్య పిట్టల పంజరంలో గింజలు పోస్తోంది.

"మీరైనా చెప్పండక్కా. ఇంట్లో పసిపిల్ల ఉంది."

ఓనరు భార్య చెయ్యి ఆగింది. మొగుడి ముఖం చూసింది. మళ్లీ గింజలు పోసింది.



పసిపిల్ల అంటే మరీ పసిది కాదు. తొమ్మిదేళ్లు. ఒక్కచోట కుదురుగా నిలబడదని ఇంటిల్లిపాదీ బొంగరం అని పిలిచేవారు.

మంగళవారం సాయంత్రం ఆరూ నలభైకి, ఆస్పత్రిలో బొంగరం ఆగిపోయింది.

బుధవారం ఉదయం తొమ్మిదీ పదికి ఇన్‌స్పెక్టర్ ఆ ఇంట్లో అడుగు పెట్టింది. ఇరవై ఏళ్ల సర్వీసులో ఎన్నో శవాలను చూసింది. పిల్లలవైతే మాత్రం ఇప్పటికీ ఆమెకు ముద్ద దిగదు.

ఒకటే గది. గోడవారగా కుట్టుమిషను. సగం కుట్టిన చిన్న గౌను సూది కిందే ఉండిపోయింది. రెండు కిటికీలూ మూసి ఉన్నాయి. సందుల్లో గుడ్డపీలికలు కుక్కి ఉన్నాయి. తలుపు కింద తడి దుప్పటి.

దర్జీ ఆవిడ నేల మీద కూర్చుని ఉంది. ఆమె కళ్లు పొడిగా ఉన్నాయి.

"నేనే చంపాను," అంది.

హెడ్ కానిస్టేబుల్ ఆ మాట రాసుకున్నాడు. రాసుకోకుండా ఉంటే బాగుండునని ఇన్‌స్పెక్టర్‌కి అనిపించింది. ఆ ఒక్క ముక్క చాలు, అందరి వేళ్లూ ఆ తల్లి వైపు తిరగడానికి.

ఓనరుకు ఆ ముక్క బాగా అందింది. మంచం కింద నుంచి నల్లుల పొడి పొట్లం తీసి చూపించాడు. ఈవిడే చల్లి ఉంటుందనీ, అది పిల్ల కంచంలో పడి ఉంటుందనీ తేల్చేశాడు. కాంట్రాక్టర్ పూసింది వట్టి జెల్లేనట. మంగళవారమంతా తనూ భార్యా సరిగ్గా ఆ వాటా పైనే, మేడ మీద ఉన్నారట.

"మాకేమైనా అయిందా మేడమ్? అంతెందుకు, ఆ పిట్టల్ని చూడండి. ఎంత హుషారుగా ఉన్నాయో."

నిజమే. పైకెక్కి చూస్తే పంజరంలో నాలుగు పిట్టలు గోల చేస్తున్నాయి. హెడ్ కానిస్టేబుల్ వేలు పెడితే ఒకటి ముద్దుగా పొడిచింది కూడా.

ఓనరు గొంతు తగ్గించాడు. పక్క వాటాకి వేసిన సీలు ఎప్పుడు తీస్తారని అడిగాడు. రేపు కొత్తవాళ్లు సామాను దించుకోవాలట.

ఇన్‌స్పెక్టర్ కిందికి దిగింది. 

దర్జీ ఆవిడకి ఎదురుగా చతికిలబడింది.

"వాంతులు ఎప్పుడు మొదలయ్యాయి?"

"ఒంటిగంటకి."

"అప్పుడు తలుపు తియ్యలేదా?"

"తీస్తే మందు వాసన లోపలికొస్తుందని భయం. పీలికలు ఇంకా గట్టిగా కుక్కానమ్మా. నాకూ తల తిరిగింది. గాలి లేక అనుకున్నాను. మూడింటికి పిల్ల పలకలేదు. అప్పుడు తీశాను."

"ఆ పొడి వాడారా?"

"లేదమ్మా. పిల్ల ముట్టుకుంటుందేమోనని పొట్లం కూడా విప్పలేదు."

ఇన్‌స్పెక్టర్ పొట్లం తిప్పి చూసింది. అంటించిన అంచు ఊడలేదు.

"పాప ఎక్కడ ఆడుకుంది?"

ఆవిడ తలెత్తి అటక వైపు చూసింది.

"కిటికీలు మూసేసరికి తోచక అటకెక్కింది. అక్కడ దాని బొమ్మలిల్లు ఉంది. నేనే ఎక్కించాను. వీధిలోకి పోకుండా కళ్లముందే ఉంటుందని."

ఇన్‌స్పెక్టర్ నిచ్చెన ఎక్కింది. పాత గుడ్డలు. చెయ్యి విరిగిన బొమ్మ. బొమ్మ మెడలో దండ. గౌన్లకు కుట్టే ఇత్తడి హుక్కుల్ని దారానికి గుచ్చి పిల్ల చేసిన దండ.

హుక్కులన్నీ నల్లగా ఉన్నాయి.

కిందికి దిగి మిషను సొరుగు తీయించింది. డబ్బాలో అవే హుక్కులు. రెండు చోట్లవీ సోమవారం తెచ్చిన ఒకే పొట్లంలోవని దర్జీ ఆవిడ చెప్పింది. మూత పెట్టిన డబ్బాలోవి తళతళ మెరుస్తున్నాయి.

మళ్లీ అటకెక్కింది. చివరికంటా పాకి గోడ మీద చెయ్యి వేసింది. గోడ కాదు. చెక్కపలకలు. వేళ్లు దూరేంత సందులు. రెండు వాటాలూ ఒకప్పుడు ఒకటే ఇల్లు. ఓనరు గోడ కట్టించింది అటక మట్టం వరకే. పైన పలకలు కొట్టి ఊరుకున్నాడు. మేడ కిందా అవే పలకలు, అవే సందులు.

తల్లి భయపడింది వీధి గాలికి. చావు వచ్చింది నెత్తి మీది నుంచి.

శుక్రవారం ల్యాబ్ రిపోర్టు అందింది. జెల్ కాదు. గ్యాస్. పిల్ల రక్తంలోనూ అదే, ఇత్తడి హుక్కుల్ని నల్లబార్చిందీ అదే. ఇన్‌స్పెక్టర్ డాక్టర్‌కి ఫోన్ చేసి ఒకటే ప్రశ్న అడిగింది. ఆ గ్యాస్ పైకి కూడా పాకి ఉంటే, ముందు ఎవరు పోతారు?

పంజరంలో పిట్టలుంటే ముందు పోయేవి అవేనన్నాడు డాక్టర్.

విచారణలో కాంట్రాక్టర్ రెండు గంటలు కూడా నిలవలేకపోయాడు. వ్యాన్ మీది నంబరు అతనిది కాదు. పాత యజమాని లైసెన్సు. నెలకింతని అద్దె కట్టి వాడుకుంటున్నాడు. అదీ స్ప్రేలకూ జెల్లులకూ ఇచ్చిందే. గ్యాస్ వదిలే బిళ్లలు ముట్టుకోవాలంటే వేరే లైసెన్సు ఉండాలి.

"పక్కవాళ్లని ఖాళీ చేయించాలని తెలుసా?"

"తెలుసు మేడమ్."

"మరి?"

"వాళ్లకి నేను చెప్పుకుంటానని ఓనరుగారే అన్నారు."

"సాక్ష్యం?"

 "వట్టి నోటిమాటే మేడమ్."

శనివారం ఉదయం పదకొండు గంటలు. ఇన్‌స్పెక్టర్ అందరినీ పై వరండాలో కూర్చోబెట్టింది. కాంట్రాక్టర్ చేతులకు బేడీలు. ఓనరు కాలు మీద కాలు వేసుకున్నాడు. అతని భార్య పంజరం పక్కన నిలబడింది. దర్జీ ఆవిడ మూలన, గోడకు ఆనుకుని కూర్చుంది.

జెల్ అని చెప్పి గ్యాస్ పెట్టి ఈ కాంట్రాక్టర్ తనను మోసం చేశాడన్నాడు ఓనరు. తనకేం తెలుసు పాపం. తెలిసి ఉంటే తామిద్దరూ ఇంట్లోనే కూర్చుంటారా?

"మేమందరం చనిపోయినదాని గురించే ఆలోచించాం," అంది ఇన్‌స్పెక్టర్. "బతికినవాటిని చూడలేదు. మంగళవారం ఈ పంజరం ఇక్కడే ఉండి ఉంటే నాలుగు పిట్టలూ చచ్చి పడి ఉండాలి. ఒక్కదానికి ఈకైనా ఊడలేదు."

ఓనరు కాలు కిందికి దిగింది.

ఇన్‌స్పెక్టర్ నిన్ననే చూసిపెట్టుకున్న పంజరం అడుగు రేకు లాగింది. రెట్టలు, గింజల పొట్టు, వాటి కింద పరిచిన కాగితం. దులిపి హెడ్ కానిస్టేబుల్‌కి ఇచ్చింది.

అది వేరే కంపెనీ ఇచ్చిన కొటేషన్. లైసెన్సున్న కంపెనీ. పదిరోజుల కిందటి తేదీ. ఓనరు పేరు మీదే. గ్యాస్ పనికి ముప్పై ఆరు వేలు, అందులోనే పక్క వాటావాళ్లకు రెండు రోజుల బస. కాంట్రాక్టర్ తీసుకున్నది తొమ్మిది వేలు.

"మూడో షరతు చదువు."

హెడ్ కానిస్టేబుల్ గొంతు సవరించుకున్నాడు. "ఆనుకుని ఉన్న వాటాల్లోనూ పై అంతస్తులోనూ మనుషులు, పెంపుడు జంతువులు, పక్షులు నలభై ఎనిమిది గంటలు ఉండరాదు."

"పక్షుల వరకు పాటించారు," అంది ఇన్‌స్పెక్టర్. "మీరూ వెళ్లారు. పిల్ల పోయిందని తెలియగానే పరుగున వచ్చి, రాత్రంతా పక్క వాటా తలుపులు బార్లా తెరిచిపెట్టారు. తెల్లారి పంజరం తెచ్చి తగిలించారు, నాకు చూపించడానికి. కిటికీలు బిగించుకోమని ఈవిడకి చెప్పిందీ మీరే. ఆవిడ బిగించుకుంది."

ఓనరు పెదాలు తడుపుకున్నాడు. "చిత్తుకాగితం మేడమ్. నేను చదవనే లేదు. మేం ఇల్లు కదల్లేదు. కావాలంటే మా ఆవిడనే అడగండి."

బుధవారం అడిగింది ఇన్‌స్పెక్టర్. గురువారం అడిగింది. నిన్నా అడిగింది. మూడుసార్లూ ఆ మనిషి నేల చూపులే చూసింది. అయినా ఇంట్లో అన్ని పాత కాగితాలుండగా పంజరంలో ఈ కాగితమే, అదీ అచ్చు పైకి కనిపించేలా పరిచింది ఎవరు?

ఇన్‌స్పెక్టర్ నోరు తెరవబోయింది. ఈలోగా మూలన దర్జీ ఆవిడ లేచింది. గోడ పట్టుకుని నాలుగడుగులు వేసింది. ఓనరు భార్య ముందు నిలబడింది.

"సోమవారం మిమ్మల్ని ఒక మాట అడిగానక్కా. మందు గోడ దాటి మా వైపు రాదు కదా అని."

 పంజరంలో ఒక పిట్ట గింజ చీలుస్తున్న చప్పుడు వినిపించింది. ఓనరు గట్టిగా దగ్గాడు. భార్య అతని వైపు చూడలేదు. గింజల డబ్బా కింద పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది.

"వస్తుందమ్మా," అంది. "మాకు తెలుసు."