సంతకం రోజు

సంతకం రోజున ఆ ఇంట్లో మిక్సీ వెయ్యరు. ఫ్యాను తిప్పరు. వీధిలో కూరగాయలవాడు కేకేస్తే అత్తగారు గుమ్మం దాకా పరుగెత్తి, నోటి మీద వేలు పెట్టి, వాణ్ణి ముందుకి సాగనంపేస్తుంది. ఎందుకంటే మావగారి కుడిచెయ్యి రోజుకి ఒక్క అరగంట మాత్రమే ఆయన మాట వింటుంది. పొద్దున్న మాత్ర వేసుకున్నాక, టీ తాగకముందు. ఆ అరగంటలో సంతకం పడితే పడినట్టు. లేదంటే మర్నాడు మళ్ళీ అందరూ పిల్లుల్లా నడవాల్సిందే.

"ఊపిరి బిగబట్టకండి మావయ్యగారూ. వదులుతూ గియ్యండి," అంది కోడలు, కాన్వాసు కదలకుండా రెండు చేతులతో పట్టుకుని.

"నాకు నేర్పుతున్నావా?"

"నేర్పడం కాదండీ. గుర్తు చేస్తున్నా."

"పెళ్ళికి ముందు షాపు బోర్డులు రాసిన పిల్ల, నలభై ఏళ్ళు కార్ల బొమ్మలేసినవాడికి గుర్తు చేస్తోంది! కాలం అలా వచ్చింది," అని నవ్వి, ఊపిరి వదులుతూనే గీశారాయన. నాలుగక్షరాలు. కుడి మూలన, వెనక చక్రం కింద. అత్తగారు ఫ్యాను స్విచ్చి వేసింది. ఇల్లంతా మళ్ళీ మాట్లాడ్డం మొదలుపెట్టింది.

ఆ బొమ్మలో ఆయన చేతిది ఆ నాలుగక్షరాలే. ముదురాకుపచ్చ రంగు పాత రేసుకారు, దాని స్పోకుల చక్రాలు, గుండ్రటి హెడ్‌లైట్లు, బానెట్‌ని బిగించిన తోలుబెల్టు, ఆ బెల్టు బకిలీకి పట్టిన తుప్పు, అంతా కోడలిదే. పాత స్పోర్ట్సు కార్లు, రేసు కార్లు ఉన్నవాళ్ళు వాటికి పెద్ద పెద్ద చిత్రాలు వేయించుకోవాలంటే ఎక్కడెక్కడి నుంచో, కార్ల మాస్టారని పేరున్న మావగారిని వెతుక్కుంటూ వస్తారు. ఐదేళ్ళ కిందట మాస్టారి చెయ్యి వణకడం మొదలైంది. సగంలో ఆగిపోయిన బొమ్మని కోడలికి చూపించి, "ఈ ఒక్కటీ పూర్తిచేసి పెట్టమ్మా, నా చెయ్యి కుదుటపడేదాకా," అన్నారు. చెయ్యి కుదుటపడలేదు. ఒక్కటి కాస్తా ఇరవై మూడయ్యాయి.

ఆమెకి ఇంటి వెనకవైపు గది ఇచ్చారు. వెలుతురు బాగుంటుందన్నారు. గదికి ఒకటే కిటికీ, దానికి ఆరు ఊచలు, ఊచలవతల పక్కింటి గోడ. కార్లున్న చోటికి ఆమె వెళ్ళకూడదు, వెళితే గుట్టు బయటపడుతుంది. భర్త వెళ్ళి ఫోన్లో ఫోటోలు తీసుకొస్తాడు. ఎవరైనా వస్తే గది తలుపుకి బయటి నుంచి గడియ పడుతుంది. పక్కింటివాళ్ళు అడిగితే, "మా కోడలు కంప్యూటర్లో ఏదో పనిచేస్తుందండీ, ఊపిరి సలపదు," అని చెబుతుంది అత్తగారు. ఆ కోడలికి కంప్యూటర్ ఎక్కడ నొక్కితే వెలుగుతుందో కూడా తెలీదు.

ఆమె అడిగిందల్లా ఒక్కటే. "ఒక్కసారి నన్నూ తీసుకెళ్ళండి. దూరంగా నిలబడి కారు చూసొస్తాను."

"ఫోటోలో లేనిది అక్కడేముంటుంది?" అనేవాడు భర్త. మూడుసార్లు అడిగి మానేసింది.

పదకొండింటికి కాలింగ్ బెల్ మోగింది. "వచ్చేసింది, లోపలికెళ్ళు," అంది అత్తగారు. గడియ పడింది. కోడలు తలుపుకి చెవి ఆనించింది.

వచ్చినావిడకి డెబ్భై ఎనిమిదేళ్ళు. వయసులో ఉన్నప్పుడు పందేల్లో కార్లు నడిపిన మనిషి. ఈ ఇంట్లో చాటుగా ఆవిడ పేరు రేసు మామ్మ.

"బాగా చిక్కిపోయారు మాస్టారూ. నేనూ అంతేలెండి. మనిద్దరికంటే నా కారే నయం, దానికి స్పేరు పార్టులు దొరుకుతున్నాయి." కుర్చీ జరిగిన చప్పుడు. "అబ్బ! స్పోకులు లెక్కపెట్టుకోవచ్చు. బకిలీ తుప్పు కూడా వదల్లేదే! ఎలా పట్టుకున్నారు మాస్టారూ దీన్ని?"

"ఏదో, అలా కుదిరింది," అన్నారు మావగారు.

తలుపు వెనక కోడలు చెవిని ఇంకా గట్టిగా ఆనించింది. తన కష్టానికి వచ్చే మెచ్చుకోలు అంతా ఆమెకి ఇలా చెక్క అవతలి నుంచే వినిపిస్తుంది, అదీ వేరేవాళ్ళ పేరు మీద. ఇవాళ ఎందుకో అలవాటైన ఆ బాధే కొత్తగా గుచ్చుకుంది.

అంతలో హాల్లో కుర్చీ మళ్ళీ జరిగింది.

"ఇదేంటి?" అంది మామ్మ.

"ఏదండీ? సంతకం ఇంకా తడిగా ఉంది, ముట్టుకోకండి," అన్నాడు భర్త.

"సంతకం కాదు బాబూ. ఈ కారు తలుపు మీద. నిలువుగా గీతలు. ఒకటి, రెండు, మూడు... ఆరు. కిటికీ ఊచలు! నువ్వు ఫోటో తీసినప్పుడు నా కారు మైదానంలో ఉంది. ఎదురుగా గడ్డీ ఆకాశం తప్ప ఇంకేం లేదు. ఈ కిటికీ ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"అది ఆర్టిస్టు కల్పన అనుకోవాలండీ."

"కల్పనలు కావాలంటే నేనే చేసుకుంటాను, మాస్టారు దేనికి? మా ఆయన కారుకి బొమ్మ వేసినప్పుడు ఈయన మూడు రోజులు ఎండలో స్టూలేసుకుని కూర్చున్నారు. అప్పుడొక మాటన్నారు, నాకింకా గుర్తుంది. మెరిసే కారుకి సొంత రంగు సగమే, మిగతా సగం దాని ఎదురుగా ఉన్నది అని. అన్నారా లేదా మాస్టారూ?"

"అన్నాను."

"మరి నా కారు ఎదురుగా జైలుందా?"

"శనివారం పొద్దున్న కారుని అక్కడే నిలబెడతాను," అంటూ లేచింది మామ్మ. "మీరొచ్చి నా ముందు కూర్చుని ఆ తలుపు మళ్ళీ వెయ్యండి. అప్పుడే తీసుకుంటాను. ఈ తలుపు వేసినవాళ్ళు నా కారు పక్కన ఒక్క నిమిషం కూడా నిలబడలేదు."

వీధి తలుపు మూసుకున్న మరుక్షణం గది గడియ తెరుచుకుంది. "కళ్ళెక్కడ పెట్టుకుని వేశావు?" అని భర్త గుమ్మంలోనే విరుచుకుపడ్డాడు.

కోడలు హాల్లోకి వచ్చి బొమ్మ ముందు వంగింది. నిజమే. ముదురాకుపచ్చ తలుపు మీద, వెలుగు పడ్డ చోట, సన్నగా బూడిదరంగులో ఆరు గీతలు. పొద్దున లేచింది మొదలు తను చూసే ఆరు ఊచలు. వాటిని తన చేత్తో తనే వేసింది. వేసినట్టు తనకే తెలీదు.

"ఫోటోలో ఈ తలుపు మీద, అద్దంలో పడ్డట్టు, మీరున్నారు," అంది నెమ్మదిగా. "ఫోన్ పట్టుకుని, కాళ్ళు ఎడంగా పెట్టుకుని. ప్రతి కారు మీదా మీరే ఉంటారు. మిమ్మల్ని తీసేస్తాను. తీసేసిన చోట ఏదో ఒకటి పెట్టాలి కదా."

"పెడితే ఆకాశం పెట్టు!"

"ఆకాశమే పెట్టాననుకున్నానండీ."

మావగారు ఉలిక్కిపడి ఆమె వైపు చూశారు. "ఆల్బమ్ పట్రా," అన్నారు కొడుకుతో. ఇంట్లోంచి వెళ్ళిన ప్రతి బొమ్మకీ ఫోటో తీసి అందులో అంటిస్తారు. భూతద్దం పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పారు. ఎర్ర కారు బానెట్ మీద కిటికీ. తెల్ల కారు మడ్‌గార్డు మీద కిటికీ. మరో కారు హెడ్‌లైట్లో ఆవగింజంత కిటికీ, దాంట్లోనూ ఊచలు. మొదటి రెండింట్లో లేదు. మూడోదాన్నుంచి ప్రతి దాంట్లోనూ ఉంది. ఆయన చేతిలో ఆల్బమ్ టపటపా కొట్టుకుంది.

"అయిందేదో అయింది. ముందు శనివారం సంగతి చూడండి," అంది అత్తగారు.

"చూశాను," అన్నాడు భర్త. "నాన్న బొమ్మ నిలబెట్టే స్టాండు ముందు కుంచె పట్టుకుని కూర్చుంటారు. ఇది రంగులు కలిపే మనిషిలా పక్కన ఉంటుంది. నేను మామ్మని మాటల్లో పెట్టి అటు తీసుకెళితే, ఇది గబగబా వేసేస్తుంది. ఆవిడకి ఎలాగూ చూపు మందం."

"చూపు మందమా? ఆరు ఊచలూ లెక్కపెట్టి మరీ వెళ్ళింది!" అంది అత్తగారు.

"నేను రాను," అంది కోడలు.

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు. ఈ ఇంటికొచ్చాక ఆమె నోట ఆ మాట రావడం అదే మొదలు.

"అదేంటి? బయటికి తీసుకెళ్ళమని ప్రాణం తీశావుగా?" అన్నాడు భర్త.

"తీసుకెళ్ళమన్నాను. దొంగని చెయ్యమన్లేదు. కారు ముందుకెళ్ళి కూడా దాక్కోవాలంటే నాకు ఆ గదే నయం. కనీసం అలవాటైంది."

"మెల్లగా! పక్కింటివాళ్ళు వింటారు," అంది అత్తగారు. "నలభై ఏళ్ళు సంపాదించుకున్న పేరమ్మా అది. ఆ పేరుతోనే మనందరం అన్నం తింటున్నాం. దాన్ని నడివీధిలో పడేస్తావా?"

"పేరు మావయ్యగారిదే అత్తయ్యా. నేనెప్పుడైనా కాదన్నానా? మరి నేనెవర్ని? మొన్న పక్కింటావిడ నన్ను 'కంప్యూటర్ కోడలా' అని పిలిచింది. ఆవిడ ముందు నవ్వేశాను. గదిలోకెళ్ళి ఏడ్చాను. ఇరవై మూడు కార్లు వేశాను, వాటిల్లో ఒక్కదాని తలుపు మీద చెయ్యి వెయ్యలేదు. అది చల్లగా ఉంటుందో వెచ్చగా ఉంటుందో కూడా నాకు తెలీదు." అత్తగారు నోటి మీద వేలు పెట్టింది. అయినా కోడలు ఆపలేదు. "నాకు ఊపిరాడ్డం లేదు అత్తయ్యా. ఆ గదిలో నాకు ఊపిరాడ్డం లేదు."

భర్త ఏదో అనబోయాడు. "నువ్వు నోరు ముయ్యరా," అన్నారు మావగారు. కోడలి ఎదురుగా వచ్చి నిలబడ్డారు.

"మొదటి బొమ్మ పూర్తి చేసిన రోజు, బాగుందా మావయ్యగారూ అని అడిగావు. నేనేమన్నాను?"

"ఫరవాలేదన్నారు."

"అబద్ధం చెప్పాను. నాకంటే బాగా వేశావు. నికెల్‌ పూతని అలా మెరిపించడం నలభై ఏళ్ళలో నాకు చేతకాలేదు. చూసి భయం వేసిందమ్మా. చెయ్యి పోయినందుకు కాదు, నా చోటు పోతుందని. వెలుతురు బాగుంటుందని ఆ గది ఇచ్చాననుకున్నావు. ఎవరికీ కనపడవని ఇచ్చాను." ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు. "నా సిగ్గు దాచుకోడానికి నిన్ను దాచేశాను."

బల్ల మీద టర్పెంటైన్‌లో తడిసిన గుడ్డ ఉంది. దాన్ని అందుకున్నారు. పొద్దుటి అరగంట ఎప్పుడో దాటిపోయింది, చెయ్యి గాలిపటంలా కొట్టుకుంటోంది.

"నాన్నా! ఆగండి! రేపు పొద్దున్న గానీ మళ్ళీ..."

"సంతకం పెట్టడానికేరా అరగంట కావాలి. చెరపడానికి ఎంత వణికినా ఫరవాలేదు." బొమ్మ ఎప్పుడో ఆరింది, సంతకమే తడి. నాలుగు తుడుపులకి నాలుగక్షరాలూ పోయాయి.

అత్తగారు అలాగే కుర్చీలో కూలబడింది. కాసేపటికి లేచి, వెళ్ళి వెనక గది తలుపుకి బయటున్న గడియ మరమేకుల్ని స్క్రూడ్రైవరుతో విప్పడం మొదలుపెట్టింది. ఒక మేకు రాకపోతే కొడుకుని పిలిచింది. వాడు మొదట గుమ్మంలోనే ఆగాడు, తర్వాత వెళ్ళి ఆ మేకు ఊడబీకాడు.

శనివారం బయల్దేరేటప్పుడు కూడా భర్త ముఖం ముడుచుకునే ఉన్నాడు. కానీ స్టాండుని టాక్సీ పైన తనే తాళ్ళతో కట్టాడు, దిగాక తనే మోశాడు. మామ్మ షెడ్డు ముందు కుర్చీ వేసుకుని కాచుకుని ఉంది. మావగారు ఏ ఉపోద్ఘాతమూ లేకుండా చెప్పేశారు.

"వేసింది నేను కాదండీ. మా కోడలు. ఐదేళ్ళుగా అన్నీ తనే."

మామ్మ ముఖం ఎర్రబడింది. "అంటే ఐదేళ్ళుగా అందర్నీ మోసం చేశారన్నమాట."

"చేశాను."

"ఇంత తేలిగ్గా ఒప్పేసుకుంటే నేనేం తిట్టను?" అని విసుక్కుని కోడలి వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. బొమ్మ సంగతి సరే, నా కారెలా ఉంది?"

"ఇప్పుడే చూస్తున్నానండీ. నేను వేసిన కార్లలో ఇంతవరకూ ఏదీ కళ్ళారా చూడలేదు."

"ఒక్కటి కూడా?"

కోడలు తల అడ్డంగా ఊపింది. మామ్మ తిట్టడానికి దాచుకున్న మాటలన్నీ ఎటో వెళ్ళిపోయినట్టున్నాయి. "అయితే ముందు దాని చుట్టూ తిరుగు," అంది మెత్తగా. "ముట్టుకో. కుంచె తర్వాత."

కోడలు కారు చుట్టూ తిరిగింది. తలుపు మీద అరచెయ్యి ఆనించింది. ఎండకి వెచ్చగా ఉంది. ఆమెకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఆపుకుని స్టాండు ముందు కూర్చుంది. తలుపు మీద గడ్డి, గడ్డి మీద ఆకాశం, అడ్డంగా ఏమీ లేదు.

ఎండ ముదిరేసరికి వెనక నుంచి నీడ పడింది. మావగారు గొడుగు పట్టుకుని నిలబడ్డారు. నీడ కాన్వాసు మీద అటూ ఇటూ ఊగుతోంది.

"నీడ కదులుతోంది మావయ్యగారూ."

"చెయ్యి అలాంటిది మరి, ఏం చెయ్యను? వెళ్ళి కూర్చోనా?"

ఆమె కళ్ళు నిండి గడ్డీ ఆకాశం కలిసిపోయాయి.

"వద్దండీ," అంది. "కదిలినా సరే, ఉండండి."

ఆ కదిలే నీడలోనే మొదటి గడ్డిపరక వేసింది.