ఒక వరుస కిందికి

ఆ ఉదయం వీరాంజనేయులు చేతిలో ఉన్న సరంజామా తక్కువే. లోపల మైకు కుట్టిన ఎఫ్‌ఎఫ్‌పీ2 మాస్కు, చెవిలో శనగగింజంత స్పీకరు, డెలివరీ వాళ్లు వేసుకునే పసుపు జాకెట్టు, కొత్తిమీర వాసన వదలని పాత వ్యాను. వీటన్నిటి వెనక లైప్‌జిగ్‌లో ఒక ఇండియన్ షాపు. ఊళ్లోని తెలుగు విద్యార్థులకి అతను షాపు అంకుల్. ఢిల్లీ ఫైళ్లలో ఏజెంట్ ఫోర్టీన్. వేషం కోసం మొదలుపెట్టిన వ్యాపారం అతనికి నిజంగానే ఒంటబట్టింది. లాక్‌డౌన్‌లో కూడా షాపుని నష్టంలోకి జారనివ్వలేదు. ఏ మిషన్ వచ్చినా మొదట అతనికి తోచేది ఒక్కటే: పెట్టేదెంత, వచ్చేదెంత.

షట్టరు సగం దించి, పప్పు బస్తా మీద కూర్చుని వీడియో కాల్ ఎత్తాడు. అవతల చీఫ్ రవీంద్రనాథ్.

"సరుకేమిటి సార్?"

"జియోలైట్. ఆక్సిజన్ మెషిన్లలో పోసే తెల్లటి గుళికలు. అవి లేక హైదరాబాద్‌లో మెషిన్లు తయారుచేసే ఫ్యాక్టరీ ఆగిపోయింది. ఎలాగో ఒక లారీ నిండా దొరికాయి. మధ్యాహ్నం ఫ్లైట్ ఎక్కాలి."

"అడ్డం ఎవరు?"

"ఆర్కిడ్ రింగ్. దేశం లేదు, జెండా లేదు. కొరత ఎక్కడుంటే అక్కడ వాలతారు. లారీని దారి మళ్లించి పదింతలకి అమ్ముకుంటారు. ఎయిర్‌పోర్ట్ కార్గో యార్డులో డిస్పాచర్‌గా మన సహస్ర ఉంది. వెళ్లి కలుసుకో."

"పోలీసులు?"

"దగ్గర్లోనే ఉంటారు. కానీ సరుకు దొంగల చేతికి అందడం కళ్లతో చూస్తేగానీ కదలరు. పద్ధతి అంటున్నారు."

"అంటే మన లారీనే ఎరగా పెట్టాలా?"

"పెట్టకూడదు. దొంగలు దొరకాలి, లారీ పోకూడదు. అది ఎలాగో నువ్వే చూడు."

కాల్‌లో మూడో మనిషి ఈషా. బ్లూ కార్డు వీసా మీద వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. షాపు యాప్ తయారుచేసిందీ, మిషన్లకి సాంకేతిక సాయం చేసేదీ ఆమే. ఈసారి ఆమె ఎక్కువ మాట్లాడలేదు. వాళ్ల నాన్న హైదరాబాద్‌లో ఒక హాస్పిటల్ వరండాలో ఆక్సిజన్ మెషిన్ కోసం ఎదురుచూస్తున్నాడు.

యార్డులో ఏప్రిల్ చలిగాలి కోస్తోంది. సహస్ర నల్లటి పొడవాటి కోటులో, అంతకంటే నల్లటి కళ్లద్దాలతో నిలబడి ఉంది. మాస్కు కూడా కోటుకి మ్యాచింగే.

"డాక్టర్ దగ్గర టెర్మిన్ దొరికిందా?" అన్నాడు వీరాంజనేయులు, అపాయింట్‌మెంట్‌కి జర్మన్ మాట వాడి.

"దొరికింది. డాక్టరే క్వారంటీన్‌లో ఉన్నాడు," అంది సహస్ర.

కోడ్ సరిపోయింది. ఆమె మళ్లీ ఫోన్‌లోకి తల వంచింది. తెర మీద యార్డులోని లారీల లిస్టు.

ఆ లిస్టుతో వీరాంజనేయులుకి ఏడాది కాపురం. ఎవరో కూర్చుని రాసే లిస్టు కాదది. వెనక డేటాబేస్‌లో ఏది మారితే ముందు తెర మీద అది ఆ క్షణమే మారిపోతుంది. గేటు దగ్గరికి చేరిన లారీ వరుస ఆకుపచ్చగా మారి అన్నిటికంటే పైకొస్తుంది. కస్టమరు తన బండి వచ్చిందని తనే నమోదు చేసుకోవచ్చు. డిస్పాచర్ చోటు ఎంచుకుని ఏ వరుస మీద నొక్కితే ఆ లారీ అక్కడికి పోతుంది. ఎవరూ నొక్కని లారీ మామూలుగా బుకింగ్‌లో ఉన్న షెడ్డుకే పోతుంది. చిక్కల్లా ఒకటే. వేలు దిగేలోపు కొత్త బండి వచ్చిపడితే వరుసలన్నీ ఒక మెట్టు కిందికి జారతాయి. పోయిన నెల అతని కందిపప్పు కోసం నొక్కితే ఎవరిదో బాత్‌రూమ్ టైల్స్ లారీ కదిలింది. ఫిర్యాదు చేస్తే, అది ఫీచర్ అని జవాబొచ్చింది.

అతను మాట్లాడుతున్నట్టే ఆమె కళ్లద్దాల్లోకి చూశాడు. ఫోన్ తెర అందులో చిన్నగా మెరుస్తోంది. ఆమె ఎంచుకున్న చోటు విమానం షెడ్డు కాదు. విమానాలకి దూరంగా, గోదాముల వైపున్న పడమటి గేటు.

సహస్ర అమ్ముడుపోయింది.

ఫోన్ లాక్కుందామంటే ఫోర్క్‌లిఫ్ట్ వెనక సెక్యూరిటీ జాకెట్లలో ఇద్దరున్నారు. వాళ్ల బూట్లు సెక్యూరిటీ జీతానికి కొనగలిగేవి కావు. మైకులో చెబుదామంటే సహస్రకి తెలుగొచ్చు. జియోలైట్ వరుస ఏ నిమిషానైనా పచ్చబడుతుంది. అతనికి మిగిలింది కొట్టు భాష ఒక్కటే. ఫోన్ తీసి ఈషాకి కలిపాడు.

"మన బియ్యం బండి వచ్చిందామ్మా?"

"రాలే అంకుల్. బయట రోడ్డు మీద లైన్ల ఉంది."

"వచ్చినట్టు కొట్టెయ్."

"రాంది వచ్చిందని ఎట్ల కొట్టాలె?"

"ఇప్పుడే కాదు. మనకంటే ముందు ఎవడో ఒకడు దూరతాడుగా, వాడు దూరగానే మనది వాడి నెత్తిన పడాలి. లైన్లోనే ఉండు, చెప్తాను."

లిస్టులు తయారుచేసి బతికే పిల్లకి రెండోసారి చెప్పనక్కర్లేదు. "సరే అంకుల్," అంది.

సహస్ర నవ్వింది. "ఏంటండీ, దేశం పని మీద వచ్చి కూడా క్యూలో దొంగతనమేనా?"

"దేశం జీతమిస్తుందమ్మా. అద్దె కట్టేది బియ్యమే."

ఈషా ముందే కొడితే జియోలైట్ మళ్లీ బియ్యం పైకెక్కుతుంది. ఆలస్యమైతే లారీ పోతుంది. ఆకుపచ్చకీ వేలికీ మధ్య ఎంత సందుంటే అంత.

వీరాంజనేయులు ఆమె కళ్లద్దాలనే చూస్తున్నాడు. నల్లటి అద్దంలో పచ్చటి గీత ఒకటి వెలిగింది. సహస్ర బొటనవేలు లేచింది.

"కొట్టు," అన్నాడు.

వేలు దిగింది. పచ్చ వరుస మెరిసి మాయమైంది. ఆమె ఫోన్ కోటులో వేసుకుని, "అయిపోయింది. మీ సరుకు ఫ్లైట్ దగ్గరికి బయల్దేరింది," అంది.

"చల్లని మాట చెప్పావమ్మా."

బయట లైన్లో విసిగిపోయి ఉన్న బియ్యం లారీ డ్రైవరుకి, ముందుకొచ్చి పడమటి గేటుకి పొమ్మని మెసేజ్ అందింది. ఎందుకని అడక్కుండా బండి తీశాడు. ఎవరి వేలూ తగలని జియోలైట్ లారీ నిదానంగా విమానం షెడ్డులోకి దూరింది.

పడమటి గేటు గోదాములో రింగు నాయకుడు మొదటి బస్తా కోశాడు. సరుకు తెల్లగా, చిన్నగా, గట్టిగా ఉంటుందని అతనికి ఎవరో చెప్పి ఉంటారు. గుప్పెడు తీసి, వెలుతురులో చూసి, బాగుందన్నట్టు తలూపి దించుకోమన్నాడు. మనుషులు బస్తాలు భుజాలకెత్తుకున్నాక, వీరాంజనేయులు వెంటబెట్టుకొచ్చిన పోలీసులు లోపలికి వచ్చారు.

తన వాటా కోసం వచ్చిన సహస్రని గుమ్మంలోనే పట్టుకున్నారు. ఆమె కళ్లద్దాలు తీసి, కోసిన బస్తా వైపు చాలాసేపు చూసింది.

"బియ్యమా, వీరా గారూ?"

"సోనా మసూరి. పాతవి. ఎసట్లో వేస్తే పొడిపొడిగా వస్తాయి."

ఫ్లైట్ లేచింది. రవీంద్రనాథ్ ఫోన్ చేసి అభినందించాడు. బియ్యం సంగతి కదిపితే, నష్టం లెక్క నిర్ణీత ఫారంలో పంపమన్నాడు. పోలీసులేమో బస్తాలన్నీ సాక్ష్యమనీ, కేసు తేలేదాకా ఇవ్వమనీ అన్నారు.

తర్వాతి వారం ఈషా నాన్నకి మెషిన్ దొరికింది. ఆమె షాపుకొచ్చి, కౌంటరుకి అవతల నిలబడి, "అంకుల్, మన లిస్టు ఒకసారి చూడు," అంది.

ఆ మిషన్ మొత్తానికి వీరాంజనేయులుకి దక్కింది ఇదీ: జియోలైట్ హైదరాబాద్ చేరింది, ఆర్కిడ్ రింగు జైలు చేరింది, ఒక తండ్రి కూర్చుని ఇడ్లీ తిన్నాడు, షాపు యాప్‌లో రివ్యూల లిస్టు పైన బియ్యం ఆర్డరిచ్చిన ఫ్రైబర్గ్ విద్యార్థి ధీరజ్ ఇచ్చిన ఒక్క స్టారు: "బియ్యం రాలేదు. అంకుల్‌కి బాధ్యత అనేది లేదు."