నీటి అణువు ఎందుకు వంగలేదు

"మీకు అణువంతైనా జాలి లేదా సార్?"

బొమ్మలు వేసే అమ్మాయి నాతో అన్న మొదటి మాట అది. పిల్లల పుస్తకాలు అచ్చువేసే ఆఫీసులో సైన్సు బొమ్మలు ఆమె గీస్తుంది, వాటిలో తప్పులు నేను పడతాను. పంచదార అణువును వెనక్కి పంపిన రోజు తలుపు తోసుకుని వచ్చింది.

"అణువుల్లోనూ చిన్నవీ పెద్దవీ ఉంటాయండీ. ఏ అణువంత జాలి కావాలి?" అన్నాను. నా జోకుకు నేనొక్కణ్ణే నవ్వాను.

"అసలు అణువంటే బాంబులో ఉండేదే కదా?"

"బాంబులో పగిలేది పరమాణువు. పేరు మాత్రం అణువు మీద పడింది. పరమాణువులు ఒకదాన్నొకటి పట్టుకుని కలిసుంటే, ఆ జట్టు అణువు. నీళ్ళలో అయితే ఒక ఆక్సిజన్, రెండు హైడ్రోజన్లు."

మర్నాడు పంచదార అణువు అచ్చుగుద్దినట్టు వచ్చింది. ఆ తర్వాత ఎంత చిక్కు బొమ్మ ఇచ్చినా తప్పు లేదు. ఆమె అడుగుల చప్పుడు వినబడితే చాలు, నేను జుట్టు సవరించుకోవడం మొదలైంది.

చివరి బొమ్మ నీటి అణువు. అన్నిటికన్నా తేలిక. ఆమె మాత్రం మూడు ఉండలనూ పుల్లకు గుచ్చినట్టు తిన్నగా గీసింది.

"ఇది మధ్యలో వంగాలండీ."

"ఎందుకు వంగాలి? ఎవరికి భయపడి?"

ఆక్సిజన్ దగ్గర మిగిలిన ఎలక్ట్రాన్లు హైడ్రోజన్లను ఒక పక్కకు నెడతాయని చెప్పాను. బుద్ధిగా తలూపింది. మళ్ళీ తిన్నగానే గీసుకొచ్చింది. మళ్ళీ చెప్పాను. మళ్ళీ అదే!

నాకు బుర్ర తిరిగిపోయింది. పంచదారను అంత చక్కగా వేసిన మనిషికి నీళ్ళ దగ్గర ఏమొచ్చింది? నాకు చెప్పడం చేతకావట్లేదా? నా మొహం చూస్తే విన్నది మర్చిపోతోందా? ఈ చివరి అనుమానం మాత్రం కాస్త బాగుంది.

ఇంతలో మేనేజరుగారు పిలిచారు. "ఈ బొమ్మ ఓకే అయితే ఆ అమ్మాయిని పై అంతస్తులో కథల పుస్తకాలకు వేస్తాం. ఇంకోసారి తప్పొస్తే మాత్రం ఇంటికే."

పరుగున వెళ్ళి ఆమెకు చెప్పేశాను. మొహం పాలిపోయింది. సాయంత్రానికి బొమ్మ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. నీటి అణువు బుద్ధిగా వంగి ఉంది.

నేను పెన్ను తీశాను. సంతకం పెట్టడానికి మాత్రం చెయ్యి రాలేదు.

"తప్పుందా?"

"లేదు."

"మరి?"

"పెడితే కథల వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోతారు. పెట్టకపోతే ఇంటికి పోతారు. రెండూ నాకిష్టం లేదు. మీరంటే ఇష్టం." నోరు మూసుకునేలోపే మొత్తం బయటికొచ్చేసింది.

ఆమె నన్ను జాలిగా చూసింది. "ఎలక్ట్రాన్ల మనసు తెలుస్తుంది గానీ, మనుషులది తెలీదా సార్? మీరు మొదటిసారి చెప్పినప్పుడే నాకు అర్థమైంది. సరిగ్గా గీస్తే మళ్ళీ ఈ గదికి రావడానికి సాకేదీ?"

"ఉద్యోగం పోయుండేదండీ!"

"పోతుందని నాకేం తెలుసు? పెట్టండి సంతకం. రేపట్నుంచి పని లేకుండానే వస్తా. అప్పుడేం తప్పు పడతారో చూస్తా."

సంతకం పెట్టి, ఆమె కూర్చోవడానికి కుర్చీ మీది పుస్తకాలు తీశాను.