తాళం గుర్తున్న సంబంధం

"బ్రౌజర్‌లో అడ్రస్ పక్కన తాళం గుర్తు ఉందా? ఇంకేం, కళ్ళు మూసుకుని కార్డు నంబర్ కొట్టేయండి!"

ఆఫీసు మీటింగ్ రూమ్‌లో సెక్యూరిటీ ట్రైనర్ ఇలా అన్నాడో లేదో, వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. చూస్తే, వెబ్‌సైట్లు తయారుచేసే టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి.

"ఏంటి మేడమ్, డౌటా?"

"దొంగలు తాళం వాడరంటారా సర్? మనం కొట్టింది మధ్యలో ఇంకెవరూ చదవలేరు, ఆ గుర్తుకి అంతే అర్థం. అవతల కూర్చున్నవాడు పెద్దమనిషో కాదో దానికేం తెలుసు? ముందు అడ్రస్‌లో పేరు చదవమని చెప్పండి."

గది గొల్లుమంది. మేనేజర్ మాత్రం గంభీరంగా తల పంకించి, గోడల మీది తాళం పోస్టర్లు ఇంకా పెద్ద సైజులో వేయించమని ఆర్డరేశాడు.

ట్రైనర్‌కి పరువు పోయింది. దాని వెనకే మనసూ పోయింది. లేని డౌట్లు పుట్టించుకుని ఆమె సీటు చుట్టూ తిరగసాగాడు. ఆమె విసుక్కుంటూనే పక్క కుర్చీ లాగేది. వాన పడితే ఇద్దరూ ఒకే గొడుగులో బస్టాపుకి నడిచేవారు. అసలు మాట మాత్రం అతని గొంతు దాటేది కాదు.

ఒక ఆదివారం తల్లి హాల్లోంచి హుషారుగా కేకేసింది.

"ఒరేయ్, పెళ్లి సంబంధాల సైట్‌లో నిన్ను పెట్టేశాను! కార్డు నంబరిచ్చా, ఓటీపీ కూడా వచ్చింది. కొట్టేస్తున్నా!"

"ఆగమ్మా! అదేం సైటో చూశావా?"

"తాళం ఉందిరా! నువ్వు చెప్పిందేగా!"

అతను ఫోన్ లాక్కున్నాడు. ఆఫీసులోని ఆ అమ్మాయికే కాల్ చేశాడు.

"ముందు బ్యాంకుకి చెప్పి కార్డు ఆపించండి. వస్తున్నా," అంది, పక్క వీధిలోనే ఉండే ఆమె.

కార్డు ఆగేసరికి ఆమె వానలో తడుచుకుంటూ వచ్చి స్క్రీన్ చూసింది.

"పేరులో ఒక అక్షరం ఎక్కువుంది ఆంటీ. ఇది దొంగ సైట్."

కింద తల్లి రాసిన వివరాలు పైకే చదివింది. "అబ్బాయి కంప్యూటర్ మోసాలు ఇట్టే పట్టేస్తాడు..." నవ్వబోయి ఆగింది. "సంబంధాలు చూస్తున్నారని చెప్పనేలేదే?"

"నాకే తెలీదు!"

తల్లి ఇద్దరి మొహాలూ చూసింది. "టీ పెడతా," అని వంటింట్లోకి తప్పుకుంది.

"నాకు ఏ సైట్‌లో సంబంధమూ వద్దు," అన్నాడతను ఒక్క గుక్కలో. "నువ్వు కావాలి."

"ఇన్నాళ్లూ మీరు, మీరు అని ఇవాళ నువ్వయ్యానేం?"

"వెనక్కి తీసుకోనా?"

"తీసుకుంటే ఊరుకోను."

వంటింట్లోంచి గొంతు వచ్చింది. "ఏమందిరా? ఈ వాన హోరులో ఒక్క ముక్కా వినపడట్లేదు!"

"ఒప్పుకున్నానండీ ఆంటీ!" ఆమే గట్టిగా చెప్పింది.

"ఇంకా ఆంటీ ఏంటే? అత్తయ్యా అను!"