యాభైమూడు పళ్ళు

"యాభైమూడు, ముప్పైతొమ్మిది," అంది ఆమె, హెల్మెట్ తీయకుండానే.

"ఎవరికండీ?"

"నాకే. ఇంకెవరున్నారిక్కడ?"

నేను సైకిల్ మెకానిక్‌ని. షాపు మా మేనమామది. నాకు నట్టు అని పేరు పెట్టిందీ ఆయనే, ఇప్పుడు వీధంతా అదే పిలుపు. ఆమె చెబుతున్నది పెడల్స్ దగ్గరుండే రెండు చైన్‌రింగుల పళ్ళ లెక్క. పళ్ళు పెరిగితే ఒక్క తొక్కుకి బండి ఎక్కువ దూరం పోతుంది. కానీ ఎత్తు ఎక్కేటప్పుడు ఆ బరువంతా మోకాళ్ళ మీదే పడుతుంది.

"సెలెక్షన్ రేసుకేనా? అది కొండ రోడ్డు మీద కదా. తొమ్మిది కిలోమీటర్లూ ఎక్కుడే. మీకు యాభై, ముప్పైనాలుగు చాలు."

"మా క్లబ్బులో అందరివీ యాభైమూడే. నాది చూస్తే బామ్మ గేరంటారు."

"బామ్మలు మోకాళ్ళని బాగా చూసుకుంటారండీ."

నవ్వు వస్తున్నా ఆపుకుని, కళ్ళు చిట్లించింది. "వెయ్యరా? వీధి చివర ఇంకో షాపుంది."

బయట వాన మొదలైంది. అంత వానలోనూ వెళ్ళిపోయేలాగే ఉంది. చూసి పది నిమిషాలు కాలేదు, అప్పుడే ఆమె వెళ్ళిపోతుందంటే భయమేసింది.

"వేస్తాను," అన్నాను.

మామయ్య కళ్ళజోడు మీంచి నన్నో చూపు చూసి, మళ్ళీ పంక్చర్ పనిలో పడ్డాడు.

ఆమె ఆసుపత్రిలో నర్సు. వయసు లెక్క ప్రకారం జిల్లా టీమ్‌లోకి రావడానికి ఆమెకిదే ఆఖరి ఏడాది. ఆదివారాలు కొండ దాకా తొక్కి, వెనక్కి వస్తూ షాపు ముందు ఆగేది. ఆదివారం వస్తుందంటే నేను శనివారమే గడ్డం గీసుకునేవాణ్ణి.

"నట్టుగారూ, చైన్‌కి ఎంత నూనె పోశారు? సగం నా సాక్సులే తాగేశాయి."

"సాక్సులకీ సర్వీసింగ్ ఫ్రీ అండీ."

మూడో ఆదివారం బండి దిగుతూ మోకాలు పట్టుకుంది. "ఎడమది కొంచెం లాగుతోంది."

ఎందుకో నాకు తెలుసు, ఆ పెద్ద రింగుల వల్లే. అంతకుముందు వారమే ఆమెకి తెలియకుండా స్కూటర్ మీద వెనకాల వెళ్ళి చూశాను. ఒక్కో తొక్కూ బావిలోంచి నిండు బిందె లాగినట్టుగా ఉంది. ఆ మాట చెబితే మొదట్లో ఎందుకు ఒప్పుకున్నారని అడుగుతుంది. కోపం వస్తుంది. ఇక రాదు.

"సీటు కిందికుంది," అని చెప్పి ఐదు మిల్లీమీటర్లు లేపాను.

"మీ చెయ్యి పడితే నొప్పి కూడా పోతుంది," అంది నవ్వుతూ.

ఆమె వెళ్ళాక మామయ్య అన్నాడు: "ఒరేయ్, ఆ అమ్మాయికి నిజం చెప్పు."

"చెబుతాలే మామయ్యా."

చెప్పలేదు. ఇంకో నాలుగు ఆదివారాలు గడిచాయి, అప్పుడూ చెప్పలేదు.

రేసు రోజున ఆరో కిలోమీటరు మలుపులో నీళ్ళ సీసా పట్టుకుని నిలబడ్డాను. ఆమె మూడో స్థానంలో వస్తోంది. నన్ను చూసి చెయ్యి చాచింది, అంతలోనే ముఖం నొప్పితో పాలిపోయింది. దిగింది. మళ్ళీ ఎక్కబోయింది. ఎడమ మోకాలు వంగలేదు. వెనకున్న వాళ్ళంతా ఒక్కొక్కరే దాటిపోతుంటే రోడ్డు పక్కన కూర్చుని చూస్తూ ఉండిపోయింది.

మోకాలికి ఆపరేషన్ అయింది. మూడు నెలల తర్వాత సైకిల్ నడిపించుకుంటూ, కుంటుతూ వచ్చింది.

"యాభై, ముప్పైనాలుగు వెయ్యండి. మీరు మొదటే చెప్పారు, నేనే వినలేదు."

తప్పు తన మీద వేసుకుంటుంటే తట్టుకోలేకపోయాను. "తప్పు మీది కాదండీ. మోకాలు లాగుతోందన్న రోజే నాకు తెలుసు, అది సీటు వల్ల కాదని. చెబితే మీరు మళ్ళీ రారని చెప్పలేదు. మీరంటే నాకు ప్రాణం."

ఆమె సైకిల్‌ని గోడకి ఆనించింది.

"ఆ రోజే చెప్పుంటే నాకు కోపం వచ్చేది," అంది. "వారం రోజులు ఉండేదేమో. తర్వాత వచ్చేదాన్ని. నేను మాత్రం మీ షాపుకి నూనె కోసం వచ్చాననుకున్నారా?"

నేను తల దించుకుని రింగుల పెట్టె వెతకడం మొదలుపెట్టాను.

"ఇప్పుడైనా నిజం చెప్పండి. ఈ రింగులు వేస్తే నేను మళ్ళీ ఆ కొండ ఎక్కగలనా?"

మామయ్య చేతిలో పని ఆగిపోయింది. ఎక్కగలరనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఆ మోకాలితో ఎక్కలేరండీ. చదును రోడ్డు మీద మెల్లగా తొక్కొచ్చు. అంతకు మించి వద్దు."

ఆమె కళ్ళు నిండాయి. రేసు రోజున కూడా ఏడవని మనిషి, స్టూలు మీద కూర్చుని చున్నీతో ముఖం కప్పుకుని ఏడ్చింది. నేను దగ్గరికి వెళ్ళలేదు. ఆ హక్కు నాకు లేదనిపించింది.

కాసేపటికి ముఖం తుడుచుకుంది.

"వెయ్యండి," అంది. "వచ్చే ఆదివారం నాకోసం చూడకండి. ఎప్పుడొస్తానో నాకే తెలీదు."

"సరేనండీ," అని పాత రింగు బోల్టులు విప్పడం మొదలుపెట్టాను.