ఇటుక మీద ఆఖరి వంతెన

"మీ తమ్ముణ్ణి గుద్దిన లారీకి బ్రేకులు బాగానే ఉన్నాయి," అన్నాడు చీఫ్.

అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో ఆమె కోడ్ నేమ్ అదే. తమ్ముడు రోజూ ఆఫీసుకు ఫోన్ చేసి "అక్క ఉందాండీ?" అని అడిగీ అడిగీ, ఆమె కంటే పన్నెండేళ్ళు పెద్దవాడైన చీఫ్‌తో సహా అందరికీ ఆమెను అక్కను చేసేశాడు. ఆ ఫోన్ ఆగిపోయి పద్దెనిమిది రోజులైంది.

చీఫ్ బల్ల మీద ఒక ఫ్లాపీ డిస్కు పెట్టాడు. అట్ట మీద తుపాకీ పట్టిన సైనికుడు. పైన ఎర్రక్షరాల్లో 'ఆఖరి వంతెన'. రాసినవాడి పేరు మాత్రం ఎక్కడా లేదు.

తమ్ముడు నాలుగేళ్ళు కూర్చుని రాసిన యాక్షన్ గేమ్ అది. అదీ ఏ కంప్యూటర్‌కి? తయారీ ఆగిపోయి పాతికేళ్ళు దాటినదానికి. కీబోర్డూ యంత్రమూ ఒకే గోధుమరంగు పెట్టెలో ఉంటాయి కాబట్టి అభిమానులు దాన్ని ముద్దుగా 'ఇటుక' అంటారు. "ఎవరాడతార్రా దీన్ని?" అంటే, "నాలుగొందల మంది ఉన్నారక్కా. నాలుగొందల మందీ మంచివాళ్ళే," అనేవాడు.

"అలాంటి ఇటుక ఒకటి రిజర్వాయర్ కంట్రోల్ రూమ్‌లో ఉంది," అన్నాడు చీఫ్. "ఐదు గేట్లూ దాని చేతిలోనే. బయటి లైనే లేదు, ఎవడూ హ్యాక్ చెయ్యలేడు. కానీ లంచ్ టైమ్‌లో ఆపరేటర్ దాని మీద గేమ్స్ ఆడతాడు."

"అందుకని మనం వెంటాడుతున్న విదేశీ ముఠాకి కొత్త గేమ్ కావాల్సొచ్చింది."

"అవును. మీవాణ్ణి చంపి, డిస్కు ఎత్తుకెళ్ళి, లోపల వాళ్ళ కోడ్ దూర్చి, పొద్దున విడుదల చేశారు. ఒక కాపీ ఆపరేటర్‌కీ చేరింది. ఒంటిగంటకు గేట్లన్నీ తెరుచుకుంటాయి. కింద ఊళ్ళో లక్షమంది ఉన్నారు. కంట్రోల్ రూమ్ ఫోన్ తెగిపోయింది. అక్కడి గార్డుల్లో ఎవడు ఎవడి మనిషో తెలీదు. గేట్లు ఆపు. తర్వాత ఆ గేమ్ ప్రతి కాపీ తగలబెట్టు."

"మొదటిది చేస్తాను."

"రెండోది?"

"విన్నాను సార్," అని అక్క లేచింది.

గేమ్ విడుదల జరుగుతున్న హాల్లో 'ముత్యాలు' ఎదురుచూస్తోంది. మెడలో మూడు పేటల ముత్యాలు, నడిస్తే నలుగురు తల తిప్పే అందం. ముఠాలో ఉంటూ డిపార్ట్‌మెంట్‌కి పనిచేసే డబుల్ ఏజెంట్.

"జాయ్‌స్టిక్ కొత్తదా?" అంది అక్క.

"ఎడమచేతి వాటం వాళ్ళది." కోడ్ కుదిరింది. ముత్యాలు గొంతు తగ్గించింది. "ప్లగ్ పీకెయ్ అక్కా. ఇటుక ఆరిపోతే కోడూ పోతుంది. అంతకు మించి బుర్ర పాడుచేసుకోకు. మీ తమ్ముడి కోసం నేనెంత ఏడ్చానో!"

కాటుక ఎక్కడా చెదరలేదని అక్క గమనించింది.

పన్నెండూ యాభై ఆరు. బూడిదరంగు కోటు, టూల్‌బాక్స్, దొంగ ఐడీ కార్డు, చెవి మిషన్‌లో రేడియో. మెకానిక్ వేషంలో అక్క కంట్రోల్ రూమ్‌లోకి అడుగుపెట్టింది. లావుపాటి ఆపరేటర్ టిఫిన్ డబ్బా పక్కకు నెట్టి, జాయ్‌స్టిక్ పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు.

"సర్వీసింగ్ వచ్చే నెల కదండీ? ఒక్క నిమిషం, ఈ రెండో స్టేజి ప్రాణం తీస్తోంది."

అక్క ప్లగ్ మీద చెయ్యి వేసి ఆగింది. "కరెంటు పోతే గేట్లేమవుతాయి?"

"తెరుచుకుంటాయి. వరదలో కరెంటు పోయినా ఆనకట్ట తెగకూడదని అలా కట్టారు. ఆ ప్లగ్ దగ్గర మేం చీపురు కూడా పెట్టం."

అక్క చెయ్యి వెనక్కి తీసుకుంది. "చీఫ్," అంది రేడియోలో, "ముత్యాలు మన మనిషి కాదు. పట్టుకోండి."

గోడమీది ఐదు పచ్చదీపాల్లో మొదటిది ఎర్రబడింది.

"మొదటి గేటు లాక్ విడింది!" ఆపరేటర్ కీబోర్డు మీదకు వంగాడు. గబగబా కీలు నొక్కాడు. ముఠా గేటు కీలన్నీ ముందే మూసేసింది, ఏదీ పలకలేదు. "ఐదూ విడితే ఇక తెరుచుకోవడమే!"

అప్పుడు అక్కకి అలక గుర్తొచ్చింది.

తమ్ముడు రాసిన ఏ ఆటలోనూ ఆమె రెండో స్టేజి దాటలేదు. ఓడిపోతున్నానని తెలియగానే జాయ్‌స్టిక్ పక్కన పడేసి, చేతులు కట్టుకుని మొండికేసేది. అది చూసి వాడు ప్రతి ఆటలోనూ రెండో స్టేజిలో ఒక తలుపు పెట్టేవాడు. ముప్పై సెకన్లు ఏదీ ముట్టుకోకపోతే ఆటే ఓటమి ఒప్పుకుని, తన కోడంతా చెరిపేసి, కంప్యూటర్‌ని మునుపటిలా అప్పగించి వెళ్ళిపోయేది. ముఠావాళ్ళు ఈ ఆటని ఎన్నిసార్లు పరీక్షించి ఉన్నా, కాలుస్తూనే పరీక్షించి ఉంటారు. యుద్ధంలో చేతులు కట్టుకుని కూర్చునేదెవరు?

కానీ ఈ ఆటలో ఆ తలుపు పెట్టాడో లేదో ఆమెకు తెలియదు. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా కూర్చుని చూడలేదు. వాడు పిలిచినప్పుడల్లా "తర్వాత్రా" అంది.

"ఎన్ని ప్రాణాలున్నాయి?"

"మూడు."

"జాయ్‌స్టిక్ కింద పెట్టండి."

"కాల్చకపోతే చచ్చిపోతామండీ!"

"పెట్టమన్నానా!"

వంతెన మీది సైనికుడు నిలబడిపోయాడు. నాలుగు వైపుల నుంచీ తూటాలు. రెండో దీపం ఎర్రబడింది. ఒక ప్రాణం పోయింది. పది సెకన్లు. మూడో దీపం. ఇంకో ప్రాణం. ఆపరేటర్ చెయ్యి జాయ్‌స్టిక్ వైపు పాకింది. అక్క దాన్ని బల్లకేసి అదిమిపెట్టింది. ఇరవై ఐదు. నాలుగో దీపం. చివరి ప్రాణం గీతంత మిగిలింది. ఐదో దీపం రెపరెపలాడింది.

కాల్పులు ఆగాయి. శత్రువులు తుపాకులు దించి, ఒకరి వెనక ఒకరు వంతెన దిగి వెళ్ళిపోయారు. ఖాళీ తెర మీద, చుక్క చుక్క పేర్చి గీసిన తెలుగు అక్షరాలు వెలిగాయి.

అక్కా, అలిగావా?

దీపాలు ఒక్కొక్కటే పచ్చబడ్డాయి. ఆ అక్షరాలు చెరిగేదాకా ఆమె ఆ మాటనే చూస్తూ ఉండిపోయింది.

"ముత్యాలు హాలు మెట్ల దగ్గర దొరికింది," రేడియోలో చీఫ్. "శభాష్. ఇక కాపీలు తగలబెట్టు."

"తగలబెట్టను. దొంగ కోడ్ ఊడబెరికించి నాలుగొందల మందికీ పంపిస్తాను. అట్ట మీద వాడి పేరుతో. కావాలంటే నా ఉద్యోగం తీసేసుకోండి."

"నాకేం వినపడలేదు," అన్నాడు చీఫ్. ఒప్పుకోవడానికి ఆయనకు వేరే పద్ధతి తెలియదు.

ఆపరేటర్ ముఖం తుడుచుకుని దగ్గరికొచ్చాడు. "మేడమ్, ఇంత తెలిసినవారు, ఆ రెండో స్టేజి ఎలా దాటాలో కాస్త చెప్పరూ?"

"నాకేం తెలుసు?" టూల్‌బాక్స్ అందుకుంది అక్క. "నేనింతవరకూ దాటితేగా."